పిడికెడు ఎరువు, ఇరవై రెండు జామ కుండీలు

2008 నవంబరు మొదటి వారంలో నన్ను రాయపూర్ పక్కన ధర్సీవా దగ్గరున్న ఒక ప్రభుత్వ నర్సరీకి అధీక్షకురాలిగా, అంటే సూపరింటెండెంటుగా, బదిలీ చేశారు. అప్పటికి నాది పదిహేనేళ్ల సర్వీసు. అందులో ఎక్కువ భాగం ఊళ్లు తిరిగి రైతులకు కూరగాయల సాగు, పండ్లతోటల పనులు చెప్పే విస్తరణ ఉద్యోగం. నర్సరీ బాధ్యత తీసుకోవడం అదే మొదటిసారి. మా నాన్న రైల్వేలో ఫిట్టరుగా బాపట్ల నుంచి రాయపూర్ వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. నేను ఇక్కడే పుట్టి, ఇక్కడే వ్యవసాయ డిగ్రీ చదివాను. ఇంట్లో తెలుగు, ఆఫీసులో హిందీ, పొలంలో ఛత్తీస్‌గఢీ. ఈ మూడింట్లో ఏ భాషలోనైనా పని చెప్పగలనని నాకు అప్పట్లో ధీమా ఉండేది.

నర్సరీ ఎనిమిది ఎకరాలు. రెండు బోర్లు, ఒక పాలీహౌస్, ఆకుపచ్చ నీడవల కింద కుండీల వరసలు, వెనక అంట్లకు కొమ్మలిచ్చే తల్లిచెట్ల తోట. అధీక్షకురాలంటే వినడానికి పెద్ద పదవే. నిజానికది జిల్లా కార్యాలయంలో కూర్చునే అసిస్టెంట్ డైరెక్టరుకు కింద, మాలీలకు పైన ఉండే ఒక మెట్టు. ఏ మొక్కలు ఎన్ని పెంచాలో పైనుంచి లక్ష్యం వస్తుంది. ఎన్ని బతికాయో, ఎన్ని పోయాయో, ఎందుకు పోయాయో కింద నుంచి నివేదిక వెళుతుంది. ఆ నివేదిక మీద సంతకం అధీక్షకుడిది.

పద్నాలుగు మంది పనివాళ్లలో ఇద్దరే పర్మనెంటు మాలీలు. మిగతావాళ్లు మస్టర్ రోల్ మీద పనిచేసేవాళ్లు, అంటే దినసరి కూలి మీద. నెలనెలా వాళ్ల పేర్లు కొత్తగా రాయాలి. ఒక నెల రాయకపోతే వాళ్లు లేనట్టే. అలా పంతొమ్మిదేళ్లుగా పేరు రాయించుకుంటూ వస్తున్నవాడు సోనూరామ్. వయసు యాభై దాటింది. చదువుకోలేదు. అంటు కట్టడంలో మాత్రం జిల్లాలో అతన్ని మించిన చెయ్యి లేదని నాకు ముందు పనిచేసిన అధీక్షకుడు బాధ్యతలు అప్పగిస్తూ చెప్పాడు. ఆ యేడు చాలాకాలం పనిచేసిన దినసరి మాలీలను పర్మనెంటు చేయడానికి జాబితా తయారవుతోంది. అందులో సోనూరామ్ పేరు ఉంది. జాబితాలోని వాళ్ల మీద ఏ ఫిర్యాదూ ఉండకూడదన్నది నియమం.

నాకు అప్పగించిన వాటిలో విడిగా రాసి ఇచ్చిన వస్తువు ఒకటుంది: ఇరవై రెండు జామ కుండీలు. వాటి వెనక ఒక కథ ఉంది. అంతకు ముందు యేడాది ఊర్లా పారిశ్రామికవాడ వైపు రోడ్డు వెడల్పు చేస్తూ ఒక పాత బంగళా ఆవరణను కొట్టేశారు. అందులో ఒక జామచెట్టు ఉండేది. కాయ చిన్నదే, కాని లోపల లేత గులాబీ రంగు, పంటికి తగిలే గింజ దాదాపు లేదు. ఏ రకమో ఎవరికీ తెలియదు. అలాంటి చెట్టు చుట్టుపక్కల మరొకటి లేదు. చెట్టును కొట్టేస్తారని తెలిసి సోనూరామ్ తన సెలవు రోజున అక్కడికి వెళ్లి, ముప్పై కొమ్మలకు గాలి అంట్లు కట్టాడు. గాలి అంటు అంటే కొమ్మను చెట్టు మీదే ఉంచి, ఒకచోట ఉంగరంలా బెరడు తీసేసి, అక్కడ తడి నాచు చుట్టి పాలిథీన్‌తో బిగించి కట్టడం. ఐదారు వారాల్లో ఆ నాచులోకి వేర్లు వస్తాయి. అప్పుడు కోసి కుండీలో పెట్టుకోవాలి. ఆ ఐదారు వారాలు చెట్టు నిలబడి ఉండాలి కదా. సోనూరామ్ రోజూ సాయంత్రం సైకిలు మీద వెళ్లి, కాంట్రాక్టరు దగ్గర పని చూసే మున్షీని బతిమాలి, కొట్టివేత రెండో వైపు నుంచి మొదలుపెట్టించాడు. ముప్పైలో ఇరవై రెండు వేర్లు పట్టాయి. చెట్టు పోయింది. మిగిలినవి ఈ కుండీలే. మరుసటి వానాకాలంలో వీటిని భూమిలో నాటి తల్లిచెట్లుగా పెంచి, వాటినుంచి రైతులకు అంట్లు ఇవ్వాలన్నది శాఖ ఆలోచన.

నేను చేరిన పది రోజులకు అసిస్టెంట్ డైరెక్టరు ఫోను చేశారు. డిసెంబరులో పైఅధికారులు తనిఖీకి వస్తారనీ, జామ కుండీలు ప్రత్యేకంగా చూస్తారనీ, అవి కళకళలాడుతూ ఉండాలనీ ఆయన మాట. వెళ్లి చూశాను. ఆకులు పాలిపోయి పసుపుబారి ఉన్నాయి. కింది ఆకులు కొన్ని రాలుతున్నాయి. ఆకలితో ఉన్నాయని తేల్చేశాను. ఇవాళ చూస్తే ఆ తీర్పే మొదటి తప్పు. యేడాదిగా అదే కుండీలో ఉన్న మొక్క వేర్లు కుండీ గోడల వెంట గుండ్రంగా తిరిగి చిక్కుపడిపోయి ఉంటాయి. పైగా రాయపూర్‌లో నవంబరు నుంచి రాత్రి చలి మొదలవుతుంది, జామ పెరుగుదల మందగిస్తుంది, ఆకు రంగు తగ్గుతుంది. వాటికి కావలసింది పెద్ద కుండీ, కొత్త మట్టి, కొంచెం కాలం. నాకు కావలసింది డిసెంబరుకల్లా పచ్చటి ఆకు.

ఆ మర్నాడే నేను శిక్షణ తరగతులకు నాలుగు రోజులు ఊరికి దూరంగా వెళ్లాలి. జీపు స్టార్టు చేసి ఉంది. గేటు దగ్గర సోనూరామ్‌ను పిలిచి, యూరియా, డీఏపీ కలిపి మొక్కలకు వెయ్యమని చెప్పి బయలుదేరాను. నాకు గుర్తున్నది అంతే.

ఐదో రోజు పొద్దున తిరిగి వచ్చేసరికి ఇరవై రెండు కుండీలూ వడలిపోయి ఉన్నాయి. ఆకుల అంచులు మంటకు పట్టినట్టు గోధుమరంగులో చుట్టుకుపోయాయి. మట్టి తాకి చూస్తే తడిగానే ఉంది. మట్టి తడిగా ఉండి మొక్క వాడిందంటే తప్పు నీళ్లలో కాదు, వేరులో ఉందని అర్థం. కుండీ పైన తెల్లటి పొర కట్టింది. అక్కడక్కడ కరగని డీఏపీ గుళికలు కనిపిస్తూనే ఉన్నాయి. ఒక మొక్కను కుండీలోంచి తీసి చూశాను. తెల్లగా, గట్టిగా ఉండాల్సిన వేరు గోధుమరంగుకు తిరిగి మెత్తబడింది. వేలితో లాగితే పైతొక్క ఊడివచ్చి, లోపల దారంలాంటి నార మాత్రం మిగిలింది.

ఎరువు ఎక్కువైతే వేరుకు ఏమవుతుందో మాగాయ పెట్టే ఇల్లాలికి వేరే చెప్పక్కర్లేదు. ముక్కలకు ఉప్పు కలిపి ఉంచితే పొద్దుటికి ఊట దిగుతుంది. ఆ నీరు బయటి నుంచి వచ్చింది కాదు, ముక్కలోదే. రసాయన ఎరువు కూడా ఒక రకం ఉప్పు. మట్టిలో అది మితిమీరితే వేరు నీటిని లోపలికి తీసుకోవడం మాని, తనలో ఉన్నదే బయటికి వదిలేస్తుంది. తడిలో నిలబడి దాహంతో చస్తుంది మొక్క. భూమిలో అయితే ఉప్పు పక్కకు, కిందికి పోవడానికి దారి ఉంటుంది. కుండీలో ఆ దారి లేదు.

ఎంత వేశావని సోనూరామ్‌ను అడిగాను. పిడికెడు అన్నాడు. అంత ఎందుకు వేశావని అడిగాను. అతను తల వంచుకుని, "మోర్ హాథ్ లే హోయ్ హే, మేడమ్" అన్నాడు. నా చేతి మీదుగానే జరిగింది అని. ఆ మాటను నేను నేరం ఒప్పుకోవడం కింద తీసుకున్నాను.

ఆ మధ్యాహ్నమే అసిస్టెంట్ డైరెక్టరుకు ఫోనులో చెప్పాను: కొలత తెలియక మాలీ ఎక్కువ వేశాడు అని. ఎవరి బాధ్యతో తేల్చి మూడు రోజుల్లో రాతపూర్వకంగా పంపమన్నారు ఆయన. ఆ రాత పనికి జిల్లా కార్యాలయానికి వెళ్లాను. అక్కడ పెద్దగుమాస్తా అప్పారావుగారు. శ్రీకాకుళం వైపు మనిషి, ముప్పై యేళ్లుగా రాయపూర్‌లో ఉన్నా మాటలో ఆ ఊరు పోలేదు. సౌమ్యుడు, ఎవరికీ హాని తలపెట్టని మనిషి. వెయ్యమని చెప్పింది నేనే, ఎంతో మాత్రం చెప్పినట్టు గుర్తులేదని ఆయనతో అన్నాను.

"కరుణమ్మగారూ, మీరు సెప్పింది నోటి మాట. కాయితం మీద లేదు. ఎరువేసింది సోనూరామ్, పోయినవి మొక్కలు. ఇందులో అబద్ధం ఏటుంది? రెండు లైన్లు రాసీండి, ఫైలు బంద్ అయిపోద్ది," అన్నారాయన.

ఆ రెండు లైన్లు నేను అక్కడే రాశాను. శ్రామికుని అజ్ఞానం వల్ల నష్టం జరిగినదని. పంపకుండా సంచిలో పెట్టుకుని నర్సరీకి వచ్చాను. మూడు రోజుల గడువు ఉంది కదా, ముందు మొక్కల సంగతి చూద్దామనుకున్నాను. అలా అనుకోవడం నా అదృష్టం.

పని మూడు భాగాలుగా విడగొట్టాం. ఆరు మొక్కలకు కాండం గీరి చూస్తే లోపల ఆకుపచ్చ లేదు, అంతా గోధుమరంగే. వాటిని వదిలేశాం. తొమ్మిదింటి వేర్లు సగానికి పైగా తెల్లగా ఉన్నాయి. వాటిని కుండీలోనే ఉంచి కడగాలని నిర్ణయించాను. మిగిలిన ఏడింటి వేర్లు చాలావరకు కుళ్లాయి, కాని కాండంలో ప్రాణం ఉంది. వాటిని మట్టిలోంచి తీయక తప్పదు.

కడగడమంటే పైన నీళ్లు చల్లడం కాదు. ముందు పైనున్న అంగుళం మట్టిని గుళికలతో సహా గీకి పారేయాలి. తర్వాత కుండీని ఇటుకల మీద ఎత్తిపెట్టి, అడుగు రంధ్రం తెరిపి చేసి, మట్టి కదలకుండా నెమ్మదిగా మంచినీళ్లు పోయాలి. కుండీ పట్టే నీటికి నాలుగైదు రెట్లు కిందికి కారిపోవాలి. గంట ఆగి మళ్లీ పోయాలి. కారిన నీళ్లలో కుండీ నిలబడకూడదు, పోయిన ఉప్పు మళ్లీ పైకెక్కుతుంది. నేను లేని నాలుగు రోజుల్లో మొక్కలు వాడుతున్నాయని పనివాళ్లు చెంబుతో కొంచెం కొంచెం నీళ్లు పోశారు. ఆ కొంచెం నీళ్లు ఎరువును కరిగించి వేర్ల దగ్గరే నిలబెట్టాయి. మంచి మనసుతోనే పోశారు.

మా బోరు నీళ్లే సున్నపు నీళ్లు. ఆరిన బకెట్టులో తెల్లగీత మిగిలేది. ఉప్పు కడగడానికి ఆ నీళ్లు పనికిరావు. బీర్‌గావ్ కాలనీలకు నది నీళ్లు తీసుకెళ్లే ట్యాంకర్లు మా గేటు ముందునుంచే పోయేవి. ఆఫీసు ద్వారా ఒక ఉత్తరం రాయించి, ఒక ట్యాంకరును నర్సరీ వైపు తిప్పించాను.

ఏడు మొక్కల పని నేనూ సోనూరామూ చేశాం. మట్టిని నీళ్లలో నానబెట్టి వేర్లకు దెబ్బ తగలకుండా జార్చేశాం. మెత్తబడిన ప్రతి వేరునూ తెల్లటి భాగం తగిలేదాకా కత్తిరించాం, ఒక్కో మొక్కకు కత్తెరను స్పిరిట్‌లో ముంచి తుడుస్తూ. వేరు సగం పోయినప్పుడు తలను పూర్తిగా ఉంచితే ఉన్న వేరు అంత ఆకును మోయలేదు. అందుకని కొమ్మలను కూడా మూడోవంతు తగ్గించాం. పాత కుండీలకన్నా చిన్నవి తీసుకున్నాం, ఎందుకంటే పెద్ద కుండీలో తాగేవాడు లేని తడి నిలిచి మిగిలిన వేరునూ కుళ్లబెడుతుంది. ఇసుక, కొబ్బరిపొట్టు, బాగా చివికిన ఆకుమట్టి, అంతే. పశువుల ఎరువు కూడా కలపలేదు.

ఈ పని రెండో రోజున నేను ఒక సంగతి గమనించాను. సోనూరామ్ ప్రతిదీ అడుగుతున్నాడు. నీళ్లు నిండా పొయ్యమంటే ఎన్ని బకెట్లు అని అడిగాడు. గంట ఆగమంటే ఏ నీడ ఎక్కడికి వచ్చేదాకా అని అడిగాడు. చెప్పింది తిరిగి చెప్పి, నేను అవునన్నాక బొగ్గుతో గోడ మీద గీతలు పెట్టుకున్నాడు. పంతొమ్మిదేళ్ల అనుభవం ఉన్నవాడు. మొదట అతను భయపడుతున్నాడనుకున్నాను. తర్వాత కొంచెం విసుగు వచ్చి, ఇవన్నీ నీకు తెలియనివా, ఎందుకిన్ని ప్రశ్నలు అని అడిగాను.

అతను కడుగుతున్న వేరు మీది నుంచి కళ్లెత్తకుండా అన్నాడు: "పోయినసారి అడగలేదు, మేడమ్. ఆప్ ముఠా కహేవ్, మయ్ ముఠా డారేఁవ్."

మీరు పిడికెడన్నారు, నేను పిడికెడు వేశాను.

అందులో నింద లేదు. బకెట్లు లెక్కపెట్టిన గొంతుతోనే చెప్పాడు. నేను కాదని అనబోయి ఆగాను. గేటు దగ్గర జీపు, ఇంజను చప్పుడు, కిటికీలోంచి బయటికి చాచిన నా చెయ్యి గుర్తొచ్చాయి. చప్పుడులో వినబడదని నేను చేత్తో చూపించాను. వేళ్లు ముడిచి, ఒక్కో పిడికెడు అన్నాను. అన్నిటికీనా అని అతను అడిగాడు. అన్నిటికీ అన్నాను. పిడికెడు అన్నప్పుడు నా మనసులో ఉన్నది కుండీలతోపాటే ఎరువు వేయించాలనుకున్న, భూమిలోని తల్లిచెట్లు, ఒక్కో చెట్టు చుట్టూ పాదులో చల్లే పిడికెడు. కుండీలకు వేరే లెక్క, గరిటె చివర అంత, అదీ నీళ్లలో కలిపి. ఆ వేరే లెక్క నా నోటి నుంచి రాలేదు. పైగా అతని పిడికిలి నా పిడికిలికి రెండింతలు ఉంటుంది.

ఇది తప్పని నీకు తెలియలేదా అని అడిగాను. కుండీలకు అంత వెయ్యకూడదని అనిపించిందనీ, కాని కొత్తగా వచ్చిన మేడమ్ చదువుకున్నవారు కదా, కొత్త పద్ధతేమో అనుకున్నాననీ చెప్పాడు. అడిగితే ఎదురు మాట్లాడినట్టు అవుతుందేమోనని, జాబితాలో పేరున్నప్పుడు ఎందుకని ఊరుకున్నాడట. మొదటి రోజున నిజం ఎందుకు చెప్పలేదని అడిగితే, మీరు ఎంత వేశావని అడిగారు, ఎవరు చెప్పారని అడగలేదు అన్నాడు.

ఆ సాయంత్రం సంచిలోని కాగితం తీసి చూశాను. వాక్యం చక్కగా కుదిరింది. అందులో తప్పు పదం ఒక్కటీ లేదు. చింపేసి మళ్లీ రాశాను: ఎరువు మోతాదును నోటిమాటగా, అస్పష్టంగా, నేలలోని చెట్లకూ కుండీలకూ తేడా చెప్పకుండా ఆదేశించినది అధీక్షకురాలే, మాలీ ఆదేశాన్ని ఉన్నదున్నట్టు పాటించాడు, ముందుగా ఫోనులో నేను తెలిపినది పొరపాటు.

అప్పారావుగారు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివారు. ఇన్‌వర్డు రిజిస్టరులో ఎక్కించే ముందు, ఇంకా టైముంది, ఆలోచించుకోండమ్మా, ఇది మీ సర్వీసు పుస్తకంలో పడిపోద్ది అన్నారు. ఎక్కించమన్నాను. ఆయన ఎక్కించి, టీ తెప్పించారు. అసిస్టెంట్ డైరెక్టరు పిలిపించారు. ఫోనులో ఒకటి, కాగితంలో ఒకటి చెబితే పైవాళ్లకు తానేం చెప్పాలని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. రెండోదే నిజమండీ అని మాత్రం అన్నాను. కారణం చూపమని నోటీసు వచ్చింది, జవాబిచ్చాను. ఆ యేటి గోపనీయ నివేదికలో, అంటే పైఅధికారి మా పనితీరు మీద రాసే వార్షిక నివేదికలో, 'పర్యవేక్షణలో లోపం' అని నమోదైంది. ఆ కారణంగా తర్వాతి పదోన్నతి జాబితాలో నా పేరు రాలేదు. దాని మరుసటి దాంట్లో వచ్చింది. బాధ లేదని చెప్పను. నాకన్నా జూనియరు కింద రెండేళ్లు పనిచేశాను.

డిసెంబరు తనిఖీలో పైఅధికారులు నీడవల కింద మోడుల్లాంటి పదహారు కుండీలను చూశారు. ఆగకుండా ముందుకు నడిచారు.

తర్వాతిది ఓపిక పని. వేలు రెండో కణుపుదాకా మట్టిలో గుచ్చి, పొడిగా ఉంటేనే నీళ్లు. ఏడు మొక్కల మీద పల్చటి పాలిథీన్ గుడారం, రోజూ కొంతసేపు గాలికి తెరవడం. ఎరువు ఏ రూపంలోనూ లేదు. ఇక్కడే నేను ఇంకొక తప్పు చేశాను. దాచడం ఇష్టం లేదు. జనవరి మధ్యలో, కడిగిన తొమ్మిదింటిలో ఒకదానికి చిగురు మొన కనిపించింది. దాన్ని ముందుకు తోయాలని, బజారులో దొరికే ఆకు టానిక్ పిచికారీ చేస్తానన్నాను. సోనూరామ్ వద్దన్నాడు. ఈసారి ఊరుకోలేదు.

"జబ్బు మనిషికి పసియా పోస్తాం, మేడమ్. పెళ్లి భోజనం పెట్టం," అన్నాడు. పసియా అంటే అన్నం వార్చిన గంజి.

పల్చగా కలిపాను, ఏమీ కాదని చెప్పి పిచికారీ చేశాను. చిగురు నాలుగు రోజుల్లో నల్లబడింది. నెలాఖరుకు ఆ మొక్క పోయింది. టానిక్ వల్లే పోయిందని ప్రయోగశాలలో రుజువు చేయలేను. పక్కనున్న ఎనిమిదీ మాత్రం బతికాయి. వాటికి నీళ్లు తప్ప ఏమీ ఇవ్వలేదు.

ఏడింటిలో మూడు నిలిచాయి. ఫిబ్రవరి చివర ఎండ ముదిరాక చిగుళ్లు వచ్చాయి. సోనూరామ్ ఒక కుండీని వంచి, అడుగు రంధ్రంలోంచి బయటికి తొంగిచూస్తున్న తెల్లటి వేరును నాకు చూపించాడు. రెండు విడతల చిగుళ్లు ముదిరాక, ఏప్రిల్‌లో మొదటిసారి ఎరువిచ్చాం, మామూలు మోతాదులో నాలుగోవంతు. కొలిచింది నేను, పోసింది అతను. జూలైలో పదకొండు మొక్కలను భూమిలో నాటాం. ఇరవై రెండుకు పదకొండు. శాఖ కాగితాల్లో అది యాభై శాతం నష్టం. నేను వేరే ఏమీ రాయలేదు.

సోనూరామ్ పేరు జాబితాలో అలాగే ఉండిపోయింది. ఉత్తర్వు రావడానికి మాత్రం మరో మూడేళ్లు పట్టింది. పర్మనెంటు మాలీగా అతను చేసిన ఉద్యోగం కొద్ది యేళ్లే. ఆ జామచెట్ల నుంచి కట్టిన అంట్లు ఆ తర్వాత చాలా ఊళ్లకు వెళ్లాయి.

నేను పదవీ విరమణ చేశాక రాయపూర్‌లో తెలిసినవాళ్లు, ముఖ్యంగా మా చర్చివాళ్లు, బాల్కనీ మొక్కలు వాడాయని ఫోను చేస్తుంటారు. ఏం వెయ్యమంటారని అడుగుతారు. చివరిసారి ఏం వేశారో, ఎప్పుడు వేశారో, దేంతో కొలిచి వేశారో నేను తిరిగి అడుగుతాను. చాలామంది దగ్గర మూడో దానికి జవాబు ఉండదు. మట్టి తడిగా ఉండి మొక్క వాడి ఉంటే, కుండీ పైన తెల్లపొర కట్టి ఉంటే, ఏమీ వెయ్యకండి, గీకండి, కడగండి, నీడలో పెట్టి ఆగండి అని చెబుతాను. ఆగమన్న మాట చాలామందికి నచ్చదు. జబ్బుపడిన దాని ముందు చేతులు కట్టుకుని నిలబడటం కష్టమని నాకు తెలుసు. ఆ కష్టం ఓర్వలేకనే నేను కడిగిన వాటిలో ఆ తొమ్మిదో మొక్కను పోగొట్టాను.

ఉద్యోగానికి సంబంధించి నేను నేర్చుకున్నది ఇంకొకటి. ఆ యేడు తర్వాత నర్సరీలో ప్రతి ఎరువు డబ్బాకూ దాని కొలత చెంచాను దారంతో కట్టించాను. పని చెప్పాక, చెప్పింది తిరిగి చెప్పమని అడిగేదాన్ని. తేడా అనిపిస్తే అడగమని ప్రతి మాలీకీ చెప్పాను. అడిగినందుకు ఎవరి మీదా విసుక్కోకుండా ఉండటానికి మాత్రం నాకు మరికొన్నేళ్లు పట్టింది. కింద పనిచేసేవాడు మౌనంగా ఉన్నాడంటే అర్థమైందని కాదు. చాలాసార్లు అడగడానికి వీల్లేకపోయిందని. ఎంత వెయ్యాలో స్పష్టంగా చెప్పలేని అధికారి, వెయ్యమని చెప్పకూడదు.